రాత్రి బొమ్మలో దీపం ఎక్కడుందో ముందు చూడండి

ప్రశ్న: పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి చికాగో వెళ్లాను. అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండు రాత్రి బొమ్మలు చూశాను. ఒకటి ఎడ్వర్డ్ హాపర్ ‘నైట్‌హాక్స్’, రెండోది ఆర్చిబాల్డ్ మోట్లీ ‘నైట్‌లైఫ్’. రెండింట్లోనూ అర్ధరాత్రే, రెండింట్లోనూ జనం ఏదో తాగుతూ కూర్చున్నారు. కానీ మొదటిది చూస్తే గుండె బరువెక్కింది, రెండోది చూస్తే చెవిలో పాట మోగినట్టయింది. ఎందుకమ్మా అని మా అమ్మాయి అడిగితే చెప్పలేకపోయాను. నాకు బొమ్మల గురించి ఏమీ తెలియదు. ఇదంతా నా ఊహేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఊహ కాదండీ. మీకు కలిగింది సరైన భావమే, దానికి కారణం కూడా బొమ్మలోనే ఉంది, కాకపోతే మీ కన్ను పట్టుకున్న దాన్ని మీ మాట ఇంకా అందుకోలేదు, అంతే. ఈసారి ఏ రాత్రి బొమ్మ ముందు నిలబడినా ఒక పని చేయండి. మనుషుల్ని కాసేపు వదిలేసి, వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది, ఎంతవరకు వెళ్లి ఆగిపోతోంది అన్నది వెతకండి. కళ్లు సగం మూసి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ముఖాలూ బట్టలూ మసకబారిపోయి వెలుగు ముద్ద, చీకటి ముద్ద మాత్రమే మిగులుతాయి. బొమ్మలు వేసేవాళ్లు వేస్తూ వేస్తూ రెండడుగులు వెనక్కి వచ్చి చేసే పని ఇదే.

‘నైట్‌హాక్స్’ని అలా చూడండి. హాపర్ దాన్ని 1942 జనవరిలో పూర్తి చేశాడు. అమెరికా యుద్ధంలోకి దిగి అప్పటికి కొద్ది వారాలే. వీధి అంతా చీకటి. చందమామ లేదు, వీధి దీపం లేదు. ఉన్న వెలుగంతా ఆ అద్దాల హోటల్ లోపలిదే. అప్పుడప్పుడే వాడకంలోకి వస్తున్న ట్యూబులైట్ వెలుగు అది, అందుకే పసుపు గోడ మీద కూడా వెచ్చగా అనిపించదు. ఆ వెలుగు అద్దం దాటి పేవ్‌మెంట్ మీద కాస్త లేత ఆకుపచ్చగా పడి అక్కడితో ఆగిపోతుంది. ఎదురు వరుసలో మూసి ఉన్న కొట్టు, పైన చీకటి కిటికీలు. అంటే ఊరంతా నిద్రపోతోంది, ఈ నలుగురికి మాత్రం నిద్ర లేదు. చూస్తున్న మనం ఎక్కడున్నాం? బయట చీకట్లో. లోపలికి వెళ్లే తలుపు మనకు కనిపించదు. మీ గుండె బరువులో సగం ఇక్కడే ఉందండీ.

మిగతా సగం మనుషుల మధ్య ఖాళీలో ఉంది. ఎర్ర జాకెట్టు వేసుకున్న ఆమె చెయ్యి, పక్కన సిగరెట్ పట్టుకున్న ఆయన చెయ్యి చూడండి. కౌంటర్ మీద ఒకదానికొకటి దాదాపు తగులుతున్నట్టే ఉంటాయి, తగలవు. దూరంగా ఉన్న చేతులైతే మనం పట్టించుకునేవాళ్లమే కాదు, అంత దగ్గరికి తెచ్చి ఆపడం వల్లే మనకు ఏదోలా ఉంటుంది. ఇంకొకాయన వీపు మనవైపు పెట్టి ఒక్కడే కూర్చున్నాడు. తెల్ల బట్టలవాడు వంగి పని చేసుకుంటూ తల ఎత్తాడు, కానీ ఎవరితో మాట్లాడుతున్నాడో తెలియదు. నలుగురి చూపులూ ఎక్కడా కలవవు.

ఇప్పుడు మోట్లీ దగ్గరికి రండి. ‘నైట్‌లైఫ్’ 1943 నాటిది. చికాగో దక్షిణాన బ్రాంజ్‌విల్ అని నల్లజాతివారి పేట ఉంది, అక్కడి ఒక క్యాబరే ఇది. గోడ మీద గడియారం ఒంటిగంట చూపిస్తోంది, అయినా ఎవరికీ ఇంటి ధ్యాస లేదు. ఈ బొమ్మలో దీపం ఎక్కడుందని వెతికితే అసలు ఒకచోట దొరకదు! గది మొత్తం ముదురు ఎరుపు. నేరేడు పండు నమిలిన నాలుక చూస్తారు చూడండి, ఎరుపుకీ ఊదాకీ మధ్య, ఆ రంగు. గోడకీ అదే, బల్లకీ అదే, మనుషుల ఒంటి మీదా అదే. ఒకే రంగులో అందరూ మునిగి ఉన్నారు కాబట్టి వీడు వేరు, వాడు వేరు అన్న గీత చెరిగిపోతుంది. హాపర్ వెలుగు ఆ నలుగుర్నీ ఊరి నుంచి విడదీసింది, మోట్లీ వెలుగు గదిలో ఉన్న అందర్నీ ఒక్కటిగా కలిపేసింది.

చెవిలో పాట మోగిందన్నారు, అదీ ఊరికే కాదు. కుడివైపు జూక్‌బాక్స్, అంటే నాణెం వేస్తే పాట వినిపించే పెట్టె ఉంది, వెనకాల జంటలు ఆడుతున్నాయి, సరే. కానీ జూక్‌బాక్స్ బొమ్మ గీసినంత మాత్రాన పాట వినిపించదు కదా. మోట్లీ మనుషుల్ని ఏటవాలు గీత మీద, ఒకరి వెనక ఒకరు ఒరుసుకునేలా పేర్చాడు. వంగిన మోచేతులు, గుండ్రటి తలలు, గ్లాసులు, సీసాలు, ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వస్తుంది. డప్పు మీద దెబ్బ ఎలా తిరిగి తిరిగి వస్తుందో అలా. కన్ను ఒక్కచోట ఆగలేక గెంతుతూ పోతుంది, ఆ గెంతునే మీరు పాటగా విన్నారు. హాపర్ బొమ్మలో ఆ పొడవాటి కౌంటరు, అద్దం అంచులు, ఖాళీ స్టూళ్లు అన్నీ కన్నుని నెమ్మదిగా జారనిస్తాయి, అందుకే అక్కడ అంత నిశ్శబ్దం.

ఇంకో సంగతి, ఇది మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ‘నైట్‌హాక్స్’ని 1942లోనే కొంది. మోట్లీ అక్కడ దాన్ని చూశాకే రాత్రిపూట దీపాల వెలుగుని తనూ బొమ్మలో పట్టుకోవాలనుకున్నాడని ఆ మ్యూజియమే చెబుతుంది. అంటే మీరు చూసిన రెండో బొమ్మ మొదటిదాన్ని చూసి పుట్టిందే. ఆ రోజుల్లో చికాగోలో నల్లజాతివారు నచ్చిన పేటలో ఇల్లు కొనుక్కునే వీల్లేదు, తెల్లవారి పేటల్లో అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవారు. అలా ఒక పేటలోకి నెట్టేసిన జనం అక్కడే ఎంత నిండుగా బతికారో ఆ గదిలో కనిపిస్తుంది. మోట్లీ తనూ నల్లజాతివాడే, కానీ చికాగోలోనే ఇంగిల్‌వుడ్‌లో, ఎక్కువగా తెల్లవాళ్లుండే పేటలో ఉండేవాడు. బ్రాంజ్‌విల్‌కి వచ్చి చూసి వేసేవాడు. అన్నీ కనిపించేలా కాస్త ఎడంగా నిలబడిన మనిషి చూపు ఆ బొమ్మలో ఉందని నాకనిపిస్తుంది.

ప్రశ్న: ఫైన్ ఆర్ట్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఎరుపంటే ఉత్సాహం, ఆకుపచ్చ అంటే ప్రశాంతత అని నోట్సులో రాసుకున్నాం. వాన్ గో ‘నైట్ కేఫ్’లో ఆ రెండే ఎక్కువ. కానీ చూస్తుంటే ఉత్సాహమూ లేదు, ప్రశాంతతా లేదు, టెన్షన్‌గా ఉంది. పరీక్షలో ఏం రాయాలి?
– ఒక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీ కన్నుని నమ్మండి, ఆ పట్టికని కాదు. ఏ రంగుకీ సొంతంగా ఒక అర్థం ఉండదు, పక్కన ఏ రంగుని కూర్చోబెట్టారన్న దాన్నిబట్టి అది మారిపోతుంది. 1888 సెప్టెంబరులో వాన్ గో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ ఊళ్లో, రాత్రంతా తెరిచి ఉండే ఆ కేఫ్‌లో మూడు రాత్రులు మేలుకుని, పగళ్లు పడుకుని ఈ బొమ్మ వేశాడు. ఎరుపు, ఆకుపచ్చలతో మనిషిలోని భయంకరమైన ఉద్వేగాలు చెప్పాలనుకున్నానని, మనిషి నాశనమైపోయే, పిచ్చెక్కిపోయే చోటు ఇదని చూపించాలనుకున్నానని తమ్ముడికి ఉత్తరాల్లో రాశాడు. నెత్తురు రంగు గోడ మీదికి ఆకుపచ్చ పైకప్పు వచ్చి కూర్చుంది. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి. మోట్లీ ఎరుపుకి అలా ఎదురు నిలిచే రంగు లేదు, అందుకే అక్కడ అదే ఎరుపు వెచ్చగా ఉంది.

నేల గురించి కూడా రాయండి. చెక్క పలకలు కిందినుంచి లోపలికి జర్రున పరుగెత్తుతాయి, మనం జారిపడతామేమో అనిపించేంత ఏటవాలుగా. నడిమధ్య బిలియర్డ్స్ బల్ల, దాని కింద బరువైన నీడ. పైన నాలుగు దీపాలు, ఒక్కోదాని చుట్టూ గీతలు గీతలుగా వెలుగు వలయం, నిద్రలేని కళ్లతో బల్బుని చూస్తే అలాగే కనిపిస్తుంది. జనమంతా గోడల వారన, కొందరు బల్ల మీదే వాలిపోయారు, మధ్యంతా ఖాళీ. ఇవి రాసి, వీటివల్ల ఈ టెన్షన్ అని రాస్తే ఏ మాస్టారూ మార్కులు తగ్గించరని నా నమ్మకం. ఫలానా రంగుకి ఫలానా భావం అని మొదలుపెట్టారా, బొమ్మ చూడకుండానే రాసినట్టు తెలిసిపోతుంది.

ప్రశ్న: ‘నైట్‌హాక్స్’లో హాపర్ కావాలనే తలుపు తీసేశాడని, ఆ మనుషులు బందీలని ఒక స్నేహితుడు గట్టిగా వాదిస్తున్నాడు. చిత్రకారుడు చెప్పని మాట మనం చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చెప్పొచ్చు, బొమ్మలో ఆధారం చూపించగలిగితే. తనకు అది ప్రత్యేకించి ఒంటరితనంగా కనిపించలేదని హాపరే అన్నాడు, ఆ వెంటనే, బహుశా తెలియకుండానే ఒక పెద్ద నగరపు ఒంటరితనాన్ని వేస్తున్నానేమో అని కూడా అన్నాడు. వేసినవాడికే పూర్తిగా తెలియని చోట చూసేవాడికి కొంత హక్కు ఉంటుంది. అయితే బందీలు అన్న మాట నేను ఒప్పుకోను. కాఫీ అయిపోతే లేచి వెళ్లిపోగలిగిన మనుషుల్లాగే ఉన్నారు, వెళ్లాలని లేక కూర్చున్నారు, నాకు అదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. పైగా తలుపు అసలు లేకపోలేదు. కుడివైపు ఆ రెండు పెద్ద కాఫీ డబ్బాల పక్కన, వంటగదిలోకి అనుకుంటాను, ఒక తలుపుంది. మీ స్నేహితుడికి అది చూపించి, అప్పుడు ఏమంటాడో అడగండి.