డాలీ పార్టన్ పాటకు 1974 సరైనదా, 1982 సరైనదా?

రెండు సంవత్సరాలూ సరైనవే. అమెరికన్ గాయని, పాటల రచయిత్రి డాలీ పార్టన్ ఒకే పాటకు చేసిన రెండు వేర్వేరు రికార్డింగులను మీరు ఒకటిగా లెక్కించడమే చిక్కుకు కారణం. ‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ ఒక చోట 1974లో, మరో చోట 1982లో ప్రథమ స్థానం పొందినట్లు ఉందని, మీ వ్యాసంలో ఏది ఉంచాలని అడిగారు. ఏదీ కొట్టివేయకండి.

1. 1967 నుంచి పోర్టర్ వాగనర్ టెలివిజన్ కార్యక్రమంలో పాడుతూ వచ్చిన పార్టన్, ఆయన నుంచి విడిపోయే వేళ వీడ్కోలుగా రాసుకున్న ఈ పాట 1974లో అమెరికన్ పత్రిక బిల్‌బోర్డ్ ప్రకటించే కంట్రీ (అమెరికా గ్రామీణ మూలాల సంగీత శైలి) పాటల ఆదరణ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

2. 1982లో ఒక చలనచిత్రం కోసం ఆమే మళ్లీ పాడారు. అదీ అదే పట్టికలో మొదటి స్థానం పొందింది.

3. చాలామంది దాటవేసేది ఇక్కడే: సంవత్సరం పక్కన పట్టిక పేరు కూడా చూడాలి. బిల్‌బోర్డ్ కంట్రీ పట్టిక వేరు, అన్ని రకాల పాటలూ పోటీపడే హాట్ 100 వేరు. 1992 చివర మొదలై 14 వారాలు హాట్ 100లో అగ్రస్థానంలో నిలిచింది విట్నీ హ్యూస్టన్ పాడిన రికార్డింగు కనుక, దానిని పార్టన్ గాయనిగా సాధించిన విజయాలలో కాక, రచయిత్రిగా సాధించిన వాటిలో చేర్చండి. (గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఈ పాట పాడాలనుకున్నప్పుడు ఆయన మేనేజరు ప్రచురణ హక్కుల్లో సగం అడిగితే ఆమె నిరాకరించారు, ఆమె వృత్తిజీవితంలో, నా దృష్టిలో, పాటకన్నా పెద్ద నిర్ణయం అది.)

4. మీ వ్యాసంలో ‘1974; 1982 (కొత్త రికార్డింగు); రెండూ కంట్రీ పట్టికలో’ అని ఒకే వరుసలో రాయండి.