డాక్టర్ సలహా: పిల్లల కోసం లక్షల్లో అప్పు చేయాలా? ముందు చేయించాల్సిన పరీక్షలివీ

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నాకు 27 ఏళ్లు, మావారికి 32. పెళ్లయి రెండున్నరేళ్లయింది. ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. నాకు నెలసరి 40–45 రోజులకోసారి వస్తుంది. ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, బరువు 68 కిలోలు. గడ్డం మీద వెంట్రుకలు కూడా వస్తున్నాయి. మావారు హోటల్లో వంట మాస్టర్. జీతం నెలకు 22 వేలు, ఇల్లు గడవడానికే సరిపోతుంది. ఒక ప్రైవేటు సెంటర్‌కు వెళ్తే నాకు రక్తపరీక్ష చేసి ఏఎంహెచ్ 7.8 ఉంది, పీసీఓడీ అన్నారు. ఐవీఎఫ్ ప్యాకేజీ లక్షా 80 వేలన్నారు. మావారికి ఏ పరీక్షా రాయలేదు. బంగారం తాకట్టు పెట్టి చేయించుకోమని మా అత్తగారు అంటున్నారు. తక్కువ ఖర్చులో దారి ఉందా? – ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: ఉందమ్మా. బంగారం ఇప్పుడే తాకట్టు పెట్టకండి. మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీకు అండం ప్రతి నెలా విడుదల కావడం లేదు. హార్మోన్ల తేడా వల్ల ఇలా జరిగే సమస్యనే పీసీఓడీ అంటారు. సంతానలేమిలో మందుబిళ్లలతో బాగా సరిచేయగలిగిన సమస్యల్లో ఇదొకటి. అండాన్ని, వీర్యకణాన్ని ల్యాబులో కలిపి పిండాన్ని గర్భాశయంలో పెట్టే ఐవీఎఫ్ మీ వయసుకు ఆఖరి మెట్టు. మీ చేత దాన్నే మొదటి మెట్టు చేయిస్తున్నారు. తక్కువ డబ్బున్నవాళ్లు నష్టపోయేది మందుల ధర వల్ల కాదు, పరీక్షల వరుస తప్పడం వల్లే.

ఆ వరుసలో మొదటిది మీవారి వీర్య పరీక్ష. సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. ఈ పరీక్ష ల్యాబును బట్టి మూడు వందల నుంచి ఎనిమిది వందల రూపాయల్లో అయిపోతుంది. ఇది చూడకుండా మీకు ఒక్క మాత్ర రాసినా తొందరపాటే. అయితే శాంపిల్ సరిగా ఇవ్వకపోతే రిపోర్టు తప్పుగా వస్తుంది. పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు కలయికకు దూరంగా ఉండాలి. సబ్బు, నూనె, ఉమ్మి ఏవీ వాడకూడదు. మామూలు కండోమ్‌లో పట్టకూడదు, దానికి పూసిన రసాయనాలు వీర్యకణాలను చంపేస్తాయి. ల్యాబువాళ్లు ఇచ్చిన వెడల్పు మూతి డబ్బాలోనే మొత్తం పడాలి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అది కింద పోతే ఆ విషయం ల్యాబులో చెప్పండి. ఇంట్లో తీస్తే డబ్బాను చొక్కా లోపలి వైపు ఒంటికి ఆనించి పెట్టుకుని, గంట దాటకుండా ల్యాబుకు చేర్చాలి. ఫ్రిజ్‌లో పెట్టకూడదు.

రిపోర్టులో చూడాల్సినవి ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, ఒక మిల్లీలీటరులో కోటీ 60 లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, ముందుకు దూసుకెళ్లేవి 30 శాతం, ఆకారం బాగున్నవి 4 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస స్థాయిలివి. ఆకారం 4 శాతమేనా అని చాలామంది కంగారుపడతారు. అది మామూలే. ఏదైనా తక్కువ వస్తే ఒక్క రిపోర్టుతో తీర్మానానికి రావద్దు. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. అంటే రెండు నెలల కింద డెంగీ లాంటి జ్వరం వచ్చి ఉంటే దాని ప్రభావం ఈ రోజు రిపోర్టులో కనిపించవచ్చు. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. అసలు కణాలే లేవని వస్తే మాత్రం ఆగకుండా యూరాలజిస్టును కలవండి.

మీవారి ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. వృషణాలకు ఒంటి వేడికన్నా రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడి కావాలి. పెద్ద పొయ్యిల ముందు గంటల తరబడి నిలబడితే కణాల సంఖ్య, కదలిక తగ్గవచ్చు. ఉద్యోగం మానమని అనడం లేదు. పనిలో జీన్స్ బదులు వదులుగా ఉండే కాటన్ ప్యాంటు వేసుకోవడం, గంటకోసారి పొయ్యి దగ్గర నుంచి చల్లటి చోటికి రావడం, వేణ్నీళ్ల స్నానం మానడం ఆయన చేతిలో పనే. గుట్కా, ఖైనీ, సిగరెట్ ఉంటే ఈ రోజే ఆపాలి. జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టిరాన్, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే దాచకుండా డాక్టర్‌కు చెప్పాలి. వాటి వల్ల కణాల తయారీ పూర్తిగా ఆగిపోవచ్చు.

ఇక మీ సంగతి. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు కలిసి ఉంటే పీసీఓడీ అనుకోవడానికి అవే చాలు. అయితే అవే లక్షణాలు తెచ్చే వేరే కారణాలు లేవని తేల్చుకోవాలి. అందుకు థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, షుగర్ పరీక్ష, ఒక్కసారి అల్ట్రాసౌండ్ స్కాన్ చేయిస్తే సరిపోతుంది. ప్రభుత్వ దవాఖానాలో రాయించుకుంటే తెలంగాణ డయాగ్నస్టిక్స్ హబ్‌లలో థైరాయిడ్‌తో సహా చాలా రక్తపరీక్షలు ఉచితంగా చేస్తారు. ప్రొలాక్టిన్‌కు రక్తం ఇచ్చే ముందు కాసేపు ప్రశాంతంగా కూర్చోండి. పరుగున వెళ్లి ఇచ్చినా, భయపడుతూ ఇచ్చినా కాస్త ఎక్కువ చూపిస్తుంది. ఆ కాస్తకే నెలల తరబడి మందులు వాడేవాళ్లున్నారు.

మీకు 7.8 వచ్చిన ఏఎంహెచ్ అండాల నిల్వ ఎంతుందో చెబుతుంది తప్ప, గర్భం వస్తుందో రాదో చెప్పదు. పీసీఓడీలో అది ఎక్కువగానే ఉంటుంది. ఆ అంకెను చూసి ఐవీఎఫ్‌కు వెళ్లాల్సిన పని లేదు. పైగా ఇంత ఎక్కువ ఉన్నవాళ్లకు ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో అండాశయాలు విపరీతంగా ఉబ్బి, పొట్టలో నీరు చేరి ఆసుపత్రిలో పడే ప్రమాదం మామూలు వాళ్లకన్నా ఎక్కువ. ఈ పరీక్ష మళ్లీ చేయించకండి.

కలయిక ఏ రోజుల్లో అన్నది పైసా ఖర్చులేని వైద్యం, ఎక్కువమంది తప్పేది కూడా ఇక్కడే. నెలసరి మొదలైన 11వ రోజు నుంచి 16వ రోజు దాకా అని చెప్పే లెక్క 28 రోజుల నెలసరి ఉన్నవాళ్లది. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు 14 రోజుల ముందు. మీకు 40–45 రోజులంటే విడుదలైన నెలల్లో 26 నుంచి 31వ రోజు మధ్య అవుతుంది. మీరు 16వ రోజుకే ఆపేస్తే ఏడాదిన్నర ప్రయత్నమూ వృథాయే. అండం బతికేది 12 నుంచి 24 గంటలు, వీర్యకణం ఐదు రోజుల దాకా బతకగలదు. కాబట్టి నెలంతా రెండు మూడు రోజులకోసారి కలిస్తే లెక్కలతో పని లేదు. కోడిగుడ్డు తెల్లసొనలా జారే తెల్లబట్ట కనిపించిన రోజుల్లో రోజు విడిచి రోజు కలవండి. ఓవ్యులేషన్ స్ట్రిప్పులు కొనకండి. అవి పట్టుకునేది అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను. పీసీఓడీలో చాలామందికి అది మామూలుగానే ఎక్కువగా ఉండి, అండం విడుదల కాకపోయినా రెండు గీతలు చూపించవచ్చు. కలయిక తర్వాత కొంత బయటికి కారడం సహజం. కాళ్లు పైకెత్తి గంటసేపు పడుకోనక్కర్లేదు.

మీ బరువులో ఐదు శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గితే చాలామందికి నెలసరి దానంతటదే గాడిలో పడుతుంది. డైట్ ప్యాకేజీలు, పొడులు అవసరం లేదు. మధ్యాహ్నం అన్నం సగానికి తగ్గించి, ఆ ఖాళీలో కూర, పప్పు, గుడ్డు పెట్టుకోండి. రాత్రి హోటల్ నుంచి వచ్చే బిర్యానీ, చపాతీలతో పాటు తాగే కూల్‌డ్రింకు మానండి. రోజూ 40 నిమిషాలు మాట్లాడుతూ నడవలేనంత వేగంగా నడవండి. దీనితో పాటు ఈ రోజు నుంచే ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాముల మాత్ర రోజుకొకటి వేసుకోండి. బిడ్డ వెన్నుపాము గర్భం వచ్చినట్టు తెలియకముందే, మొదటి నాలుగు వారాల్లోనే ఏర్పడుతుంది. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర అడగండి. షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు వాడుతున్నా 5 మిల్లీగ్రాములు కావాలి, అది డాక్టర్ చెబుతారు. సంతానం కోసమని అమ్మే ఖరీదైన సాచెట్లకు, ఊళ్లో పొట్లం కట్టి ఇచ్చే నాటు మందుకు డబ్బు పెట్టకండి. పొట్లాల్లో స్టెరాయిడ్లు, సీసం వంటి లోహాలు కలిసి ఉండే ప్రమాదముంది.

మీవారి రిపోర్టు బాగుంటే అసలు చికిత్స అండం పెరిగి విడుదల కావడానికి ఇచ్చే లెట్రోజోల్ మాత్ర. దీన్ని మన దేశంలో సంతానానికి వాడకుండా 2011లో ఆపారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇప్పుడు పీసీఓడీకి ప్రపంచమంతటా మొదట వాడేది ఇదే. అమెరికాలో 750 మంది పీసీఓడీ స్త్రీలపై చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఐదు నెలల దాకా వాడినవారిలో వందకు 27 మందికి పైగా బిడ్డను కన్నారు. పాత మందు క్లోమిఫెన్ వాడినవారిలో 19 మంది. వాడే విధానం ఇలా ఉంటుంది: గర్భం లేదని నిర్ధారించుకున్నాక, నెలసరి మొదలైన 2 లేదా 3వ రోజు నుంచి ఐదు రోజులు, రోజుకు 2.5 మిల్లీగ్రాములు. 10వ రోజు నుంచి 20వ రోజు దాకా రోజు విడిచి రోజు కలయిక. చీటీ లేకుండా మందుల షాపులో కొనుక్కోవద్దు, ఎందుకంటే పని చేసిందో లేదో చూడటమే ఇందులో ముఖ్యం. రోజూ స్కాన్లు అక్కర్లేదు. మొదటి నెల 11 లేదా 12వ రోజున ఒక స్కాన్, అండం విడుదలైందనుకున్న ఏడు రోజులకు, సుమారు 21వ రోజున ప్రొజెస్టిరాన్ రక్తపరీక్ష చాలు. అది 3 దాటితే అండం విడుదలైనట్టే, అదే మోతాదు కొనసాగుతుంది. దాటకపోతే వచ్చే నెల 5, తర్వాత 7.5 మిల్లీగ్రాములకు పెంచుతారు. అండం పగలడానికి ఇచ్చే ఇంజెక్షన్ అందరికీ అక్కర్లేదు. కవలలు పుట్టే అవకాశం కొంచెం పెరుగుతుందని తెలుసుకోండి.

అండం విడుదలవుతూ కూడా మూడు నెలల్లో గర్భం రాకపోతే అప్పుడు ట్యూబుల పరీక్ష, హెచ్‌ఎస్‌జీ. మీకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ టీబీ వచ్చి ఉన్నా, పొత్తికడుపు ఆపరేషన్ జరిగినా, అబార్షన్ తర్వాత జ్వరం వచ్చి ఉన్నా మూడు నెలలు ఆగకుండా ముందే చేయించాలి. మన దగ్గర ట్యూబులు మూసుకుపోవడానికి టీబీ పెద్ద కారణం, దానికి మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. హెచ్‌ఎస్‌జీని నెలసరి ఆగాక, 10వ రోజు లోపు చేస్తారు. అప్పటిదాకా కలయిక ఉండకూడదు. గంట ముందు నొప్పి మాత్ర అడిగి వేసుకోండి. ట్యూబు గర్భాశయం దగ్గర మూసుకుపోయిందని రిపోర్టు వస్తే అది పరీక్ష సమయంలో కండరం బిగుసుకుపోవడం వల్ల కూడా కావచ్చు. ఆ ఒక్క ఫిల్మ్ చూసి ఐవీఎఫ్‌కు ఒప్పుకోవద్దు.

వీర్యాన్ని శుద్ధి చేసి నేరుగా గర్భాశయంలోకి పంపే ఐయూఐకి ఒక్కో ప్రయత్నంలో వందలో పది పదిహేను మందికే ఫలితం ఉంటుంది. ట్యూబులు తెరిచి ఉండి, కణాలు కొద్దిగానే తక్కువైతేనే ఆలోచించండి.

రెండు ట్యూబులూ నిజంగా మూసుకుపోయినా, కణాలు బాగా తక్కువైనా ఐవీఎఫ్ తప్పదు. అప్పుడు కూడా ముందు సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రారంభించిన ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రంలో అడగండి. ప్రైవేటుకు వెళ్తే సంతాన సాఫల్య కేంద్రాలను నియంత్రించే 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద ఉందో లేదో చూడండి. ప్యాకేజీలో ఇంజెక్షన్లు, పిండాల ఫ్రీజింగ్, రెండోసారి లోపల పెట్టే ఖర్చు కలిశాయా లేదా కాగితం మీద రాయించుకోండి. పెరిగే బిల్లంతా వీటిలోనే ఉంటుంది.

లెట్రోజోల్ వాడిన నెలలో 35వ రోజుకూ నెలసరి రాకపోతే ఉదయం మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోండి. ఆశా దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది. రెండు గీతలు వస్తే ఫోలిక్ యాసిడ్ కొనసాగిస్తూ వారంలో డాక్టర్‌ను కలవండి. పొత్తికడుపులో ఒక పక్క గట్టి నొప్పి, రక్తం కనిపించడం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆ రోజే, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. పిండం ట్యూబులో ఉందేమో వెంటనే చూడాలి.