టెక్ సందేహాలు: సెలెక్ట్ కాల్ దగ్గర చిక్కుకున్న బోర్డు

ప్రశ్న: ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డుపై, ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక టాస్క్ సెలెక్ట్ కాల్‌తో (ఒకేసారి పలు సాకెట్లను కనిపెట్టే ఫంక్షన్) రెండు టీసీపీ సాకెట్ల (నెట్‌వర్క్ కనెక్షన్ కొసలు) కోసం ఎదురుచూస్తుంది. సర్వర్ ప్రోగ్రామ్‌ను ఆపితే టాస్క్ వాచ్‌డాగ్ (టాస్కులు చిక్కుకుపోయాయేమో చూసే కాపలా టైమర్) హెచ్చరికలు వరసగా వస్తున్నాయి. సర్వర్ కంప్యూటర్‌కే కరెంటు పోతే మాత్రం టాస్క్ గంటల తరబడి కదలడం లేదు. లోపం సెలెక్ట్‌లోనే ఉందా?

జవాబు: సెలెక్ట్ తన పని సరిగానే చేస్తోంది. సాకెట్ చదవడానికి సిద్ధంగా ఉందని అది చెబితే, ఇప్పుడు రిసీవ్ కాల్ చేస్తే ఆగకుండా తిరిగివస్తుందని మాత్రమే అర్థం. డేటా వచ్చిందన్న హామీ అందులో లేదు. ప్రోగ్రామ్ ఆగినప్పుడు సర్వర్ నుంచి కనెక్షన్ ముగిసిందని చెప్పే ఫిన్ ప్యాకెట్ వస్తుంది, సెలెక్ట్ వెంటనే తిరిగివస్తుంది, రిసీవ్ సున్నా ఇస్తుంది. ఆ సున్నాను ‘ఇంకా డేటా రాలేదు’ అనుకొని మీ కోడ్ మళ్లీ సెలెక్ట్‌కు వెళితే, లూప్ ఎక్కడా ఆగదు, వేరే పని లేనప్పుడు నడిచే ఐడిల్ టాస్క్‌కు ప్రాసెసర్ దక్కదు, 5 సెకన్లకు వాచ్‌డాగ్ హెచ్చరిస్తుంది. చాలామంది ఇక్కడ చిన్న డిలే పెట్టి ఊరుకుంటారు. అది సరికాదు: హెచ్చరిక పోతుంది గానీ, డీఫాల్ట్‌గా ఉండే 10 సాకెట్లలో ఒకటి అలాగే చిక్కుకుపోతుంది. సున్నా వస్తే సాకెట్‌ను మూసి, సెలెక్ట్‌కు ఇచ్చే సాకెట్ల జాబితా (సెట్) నుంచి తీసేయండి.

కరెంటు పోయినప్పుడు అవతలి నుంచి ఏ ప్యాకెట్టూ రాదు కాబట్టి, టీసీపీ దృష్టిలో కనెక్షన్ ఇంకా బతికే ఉంటుంది. సెలెక్ట్‌కు టైమౌట్ ఇస్తే టాస్క్ మేలుకుంటుంది గానీ, కనెక్షన్ పోయిందో లేదో దానివల్ల తెలియదు. అందుకు అవతలివైపు ఉందో లేదో ప్యాకెట్ పంపి చూసే టీసీపీ కీప్‌అలైవ్ కావాలి. దాని డీఫాల్ట్ నిరీక్షణ 2 గంటలు. దానిని 20 సెకన్లకు తగ్గించి, 5 సెకన్లకొకసారి 3 ప్రయత్నాలు పెడితే సుమారు 35 సెకన్లలో సంగతి తేలుతుంది. సర్వర్ ప్రోగ్రామ్ కూడా మీదే అయితే, దానితోనే ‘బతికే ఉన్నాను’ అనే హార్ట్‌బీట్ సందేశం పంపించుకోవడం ఇంకా మేలు, ఎందుకంటే ప్రోగ్రామ్ స్తంభించినా కీప్‌అలైవ్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ జవాబిస్తూనే ఉంటుంది.

సెలెక్ట్ మొదటి ఆర్గ్యుమెంట్‌ను కూడా తప్పక చూడండి. అక్కడ రాయవలసింది సాకెట్ల సంఖ్య కాదు, అన్నిటికంటే పెద్ద సాకెట్ నంబరుకు ఒకటి కలిపిన విలువ. డీఫాల్ట్ సెట్టింగుల్లో ఈ బోర్డుపై సాకెట్ నంబర్లు 54 నుంచి మొదలవుతాయి కాబట్టి, రెండే సాకెట్లు కదా అని 3 రాస్తే దేనినీ పరిశీలించదు. సెట్లను ప్రతి కాల్ తిరగరాస్తుంది కనుక వాటిని ప్రతిసారీ కొత్తగా నింపాలి.

లూప్‌లో ప్రింట్ పెట్టి వెతకవద్దు. సీరియల్ పోర్టుపై 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) వేగంతో 80 అక్షరాల వరస వెళ్లడానికి దాదాపు 7 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ ఆలస్యానికే లోపం కనుమరుగు కావచ్చు. రిటర్న్ విలువ, ఎర్ర్‌నో (లోపం కోడ్), సాకెట్ నంబరు, మైక్రోసెకన్లలో సమయం, ఈ నాలుగింటినీ మెమరీలో చిన్న ఎరేలో దాచి, తరవాత ప్రింట్ చేయండి.

ఒక టాస్క్ ఎదురుచూస్తున్న సాకెట్‌ను వేరే టాస్క్ నుంచి మూయకండి. ఒక టాస్క్ నుంచి మరోదానికి సంకేతమిచ్చే ఈవెంట్‌ఎఫ్‌డీని కూడా సెట్‌లో చేర్చి, దానితో ఆ టాస్క్‌ను మేల్కొలిపి, సాకెట్‌ను దానిచేతనే మూయించండి.