వంటింటి సందేహాలు: డిబ్బరొట్టెలో సొరకాయ, పులిహోరలో గోంగూర

ప్రశ్న: డిబ్బరొట్టె వేస్తే అడుగు మాడుతోంది, లోపల పచ్చిపిండి తగులుతోంది. పిల్లలకు మామూలు రొట్టె మొహం మొత్తింది. ఏదైనా కలిపి కొత్తగా చేయొచ్చా? చీజ్ వేయమంటున్నారు.
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: సెగ ఎక్కువవడమే కారణం. మందపాటి పిండి, వేడి మధ్యదాకా పాకాలంటే టైము పడుతుంది. పెద్ద మంట పెడితే ఈలోపే అడుగు నల్లబడిపోతుంది. కొత్తదనం కావాలంటే సొరకాయ కలపండి. రొట్టె మర్నాటికీ మెత్తగా ఉంటుంది.

గ్లాసు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టండి. అరకేజీ లేత సొరకాయ చెక్కు, గింజలు తీసి తురిమి, పావు చెంచా ఉప్పు చల్లి, పది నిమిషాలాగి గట్టిగా పిండండి. ఆ నీళ్లు పారబోయొద్దు. రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ కడిగి వంచేసి, ఆ సొరకాయ నీళ్లలోనే అరగంట నాననివ్వండి. చాలకపోతే మామూలు నీళ్లు కలపండి. రుచంతా సొరకాయ నీళ్లలోనే ఉంటుంది. పప్పును మాత్రం నీళ్లు చిలకరిస్తూ గట్టిగా, వెన్నలా రుబ్బాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. నానిన రవ్వను గట్టిగా పిండి, రుబ్బిన పప్పులో కలిపి, ముప్పావు చెంచా ఉప్పు, చెంచా జీలకర్ర వేసి రెండు మూడు గంటలు ఉంచండి. మన ఎండలకు రాత్రంతా బయట ఉంచితే పులిసిపోతుంది.

సొరకాయ తురుము, మూడు పచ్చిమిర్చి, అంగుళం అల్లం తరుగు మూకుడు పొయ్యి మీద పెట్టాకే కలపండి. ముందే కలిపితే తురుము మళ్లీ నీరొదిలి పిండి జారవుతుంది. గరిటెతో తీస్తే ముద్దగా పడాలి, ధారగా కారకూడదు.

అడుగు మందంగా ఉన్న ఇనప మూకుట్లో మూడు పెద్ద చెంచాల నూనె బాగా కాగాక, చెంచా నువ్వులు చల్లి, అవి చిటపటలాడుతుండగా పిండి అంగుళం మందానికి మించకుండా పరవండి. నూనె కాగకముందే పోస్తే అంటుకుంటుంది. రెండు నిమిషాలు మధ్యరకం సెగ, తర్వాత మూత పెట్టి సన్నని సెగ మీద పావుగంట. అంచులు ఎర్రబడి మూకుడు వదిలి, పైన తడి మెరుపు పోయాక అట్లకాడతో తిరగేయండి. అంచుల వెంట చెంచా నూనె వేసి, ఈసారి మూత లేకుండా ఎనిమిది, పది నిమిషాలు కాలనివ్వండి. మూత పెడితే ఆవిరికి కరకర పోతుంది. చాకు మధ్యలో గుచ్చితే పిండి అంటకుండా రావాలి. ఇన్నీ చేసినా రొట్టె గట్టిగా వచ్చిందంటే పప్పు సరిగ్గా నలగలేదన్నమాట.

చీజ్ అంటారా? దించే ముందు పైన చల్లితే నష్టం లేదు. పిండిలో కలిపితే కరిగి మూకుడుకి పట్టేస్తుంది, గీకలేక చస్తారు. ఈ రొట్టెకి అల్లం పచ్చడి ముందు చీజ్ దిగదుడుపే.

ప్రశ్న: గోంగూర పులిహోర చేస్తే అన్నం ముద్దయింది, రంగు నల్లబడింది, ఒకసారి పుల్లగా, ఒకసారి చప్పగా వస్తోంది.
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నల్లబడిందంటే ఇనప మూకుట్లో వేయించి ఉంటారు. గోంగూర పులుపు ఇనుముతో కలిస్తే అంతే. డిబ్బరొట్టెకి ఇనుము, గోంగూరకి స్టీలు. ఎలా చేసినా ఆకుపచ్చ రంగు మాత్రం నిలవదు. ఆకులోని పులుపే వేడికి దాన్ని ఖాకీ రంగుకు తిప్పేస్తుంది. అది తప్పు కాదు.

ముద్దవడానికి కొత్త బియ్యం ఒక కారణం. 1986లో విడుదలైన మన బాపట్ల రకం బీపీటీ 5204, అదే సాంబ మసూరి, పాతబడితే పులిహోరకి దివ్యంగా ఉంటుంది. కుక్కర్లో గ్లాసు పాత బియ్యానికి గ్లాసుముప్పావు నీళ్లు చాలు. ఉడికాక పళ్లెంలో పరిచి, చెంచా నూనె, పసుపు కలిపి ఆరబెట్టండి.

రెండో కారణం ఆకు తడి. గ్లాసున్నర బియ్యానికి 150 గ్రాముల ఆకు తీసుకోండి. కడిగాక గుడ్డ మీద ఆరనిచ్చి, రెండు చెంచాల నూనెలో నీరంతా ఇగిరి నూనె తేలేదాకా వేయించండి. ఆరు ఎండుమిర్చి (తేజ రకమైతే నాలుగే), పావు చెంచా మెంతులు, అర చెంచా ఆవాలు వేయించి, ఆ ఆకు, తగినంత ఉప్పుతో, చుక్క నీరు లేకుండా కచ్చాపచ్చాగా నూరండి. ఎర్రకాడ గోంగూర తెల్లకాడ దానికంటే పులుపు, అందుకే మీకు ఒకసారున్నట్టు ఇంకోసారి ఉండట్లేదు. ముద్దలో మూడింట రెండొంతులు అన్నంలో కలిపి, రుచి చూసి మిగతాది వేయండి. చివర్లో రెండు చెంచాల వేయించిన నువ్వుల పొడి చల్లితే పులుపు వాడి తగ్గుతుంది, అన్నం పొడిపొడిగానూ ఉంటుంది. పల్లీలు, ఇంగువతో తాలింపు మామూలే. ఉల్లిపాయ ముక్కలు తినేటప్పుడు నంజుకోండి, కలిపితే నీరొదులుతాయి.

ప్రశ్న: ఉలవచారు చిక్కగా రావట్లేదు. పూటంతా కాచే ఓపిక లేదు. పైగా ఉడికిన ఉలవలు మిగిలిపోతున్నాయి.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: పావుకేజీ ఉలవల్లో రాళ్లు ఏరి, రాత్రంతా నానబెట్టి, లీటరున్నర నీళ్లతో ఐదు లీటర్ల కుక్కర్లో పెట్టండి. ఒక కూత వచ్చాక సన్నని సెగ మీద నలభై నిమిషాలు. చింతపండు కుక్కర్లో వేయొద్దు, పులుపు తగిలితే గింజ మెత్తబడదు. కట్టు వంచుకుని, రెండు గరిటెల ఉలవలు మెత్తగా రుబ్బి వడగట్టి అందులో కలపండి. చిక్కదనానికి బియ్యప్పిండి వేయొద్దు, నాలుకకి ఇట్టే తెలిసిపోతుంది. పావుగంట మరిగాక నిమ్మకాయంత చింతపండు రసం, ఉప్పు, కారం వేసి, గరిటె వెనక పట్టేదాకా మరగనివ్వండి. మీగడ విస్తట్లోనే వేసుకోవాలి, పొయ్యి మీద వేస్తే పులుపుకి విరిగిపోతుంది.

మిగిలిన ఉలవల్ని గుప్పెడు నానిన పచ్చిసెనగపప్పు, రెండు చెంచాల బియ్యప్పిండి, ఉల్లి, పచ్చిమిర్చితో బరకగా రుబ్బి గుంటపొంగనాల పెనం మీద కాల్చండి. నూనెలో వేస్తే విడిపోతాయి, ఉడికిన గింజకి పట్టు ఉండదు.

ప్రశ్న: పొద్దున కలిపిన దద్దోజనం క్యారేజీలో మధ్యాహ్నానికి పులిసిపోతోంది.
– ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పెరుగుతో కాదు, పాలతో కలపండి. వేడన్నం మెదిపి, గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల కాచిన పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక చెంచా పెరుగు చాలు. తినే వేళకి తోడుకుంటుంది. పచ్చి అల్లం కలపొద్దు, పాలు విరుగుతాయి. తాలింపులో వేయిస్తే ఇబ్బంది లేదు. కొత్తగా కావాలంటే మామిడల్లం సన్నగా తరిగి విడిగా డబ్బాలో పెట్టివ్వండి, తినేముందు కలుపుకుంటారు.