రెండు వందల మందిలో నూట అరవై మంది ‘కొంటాము’ అన్నారు: ఆ మాట మీద అప్పు చేయవచ్చా?

చిత్తూరులో రాగి పిండి, అంబలి పొడి ప్యాకెట్లు చేసి అమ్మాలని అనుకుంటున్నామని, 200 మందిని అడిగితే 160 మంది కొంటామన్నారని, ఆ ధైర్యంతో యంత్రాలకు అప్పు తీసుకోవచ్చా అని మీరు అడిగారు. ఇప్పుడే తీసుకోవద్దని నా సలహా. మీ సరుకు మీద నాకు అనుమానం లేదు. మీ చేతిలో ఉన్న జవాబు మాత్రం అప్పు బరువు మోసేంత గట్టిది కాదు. పన్నెండేళ్లుగా ఆహార పదార్థాల మార్కెటింగ్ ప్రణాళికలు వేసే పనిలో ఉన్నాను. దాదాపు ఇదే సరుకుతో తిరుపతిలో ఒక సంస్థ తరఫున నేనూ ఈ పొరపాటే చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. 200 మందిలో 160 అంటే 80 శాతం. ఊరిలో అందరికీ సమాన అవకాశం ఉండేలా చీటీ తీసినట్టు మనుషులను ఎంచి ఉంటే, అసలు అంకె సుమారు 74కూ 86కూ నడుమ ఉంటుందని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. అయితే ఈ లెక్క పట్టుకునేది కొద్దిమందినే అడిగినందువల్ల వచ్చే తేడాను మాత్రమే. ఎవరిని అడిగాము, ఏమని అడిగాము అన్నచోట తప్పు జరిగితే, 2,000 మందిని అడిగినా ఆ తప్పు అలాగే ఉంటుంది.

మాకు మొదటి తప్పు మనుషుల దగ్గరే జరిగింది. మా కుర్రవాళ్లు ఫారాలు పట్టుకొని ఆర్టీసీ బస్టాండు, అలిపిరి, కపిలతీర్థం దగ్గర నిలబడ్డారు. 2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగర జనాభా 2.87 లక్షలు, కొండకు వచ్చే భక్తులు మాత్రం చాలా రోజుల్లో 60 వేలు దాటుతారు. తీరికగా కూర్చొని ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన వారిలో ఎక్కువమంది బస్సు కోసం ఎదురుచూసే యాత్రికులే. ఫారంలో పిన్‌కోడ్ గడి ఉండబట్టి విషయం బయటపడింది గాని, లేకపోతే వేలూరు వారూ బెంగళూరు వారూ చెప్పిన మాటను తిరుపతి మాటగా నమ్మి ఉండేవాళ్లం. మీరు వాట్సాప్‌లో బంధువులకూ స్నేహితులకూ ఫారం పంపి ఉంటే, మీ 160లో వారెందరో తీసి చూడండి.

రెండో తప్పు ప్రశ్నలో ఉంది. ‘ఆరోగ్యానికి మంచిదైన రాగి పిండి దొరికితే కొంటారా?’ అని అడిగితే కాదనేవారెవరు? ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో రాగుల గొప్పతనం ఇంటింటా వినిపించింది. పైగా ఇంటి ముందుకు వచ్చి అడిగిన మనిషి ముఖం మీద వద్దని చెప్పడం మనవారికి ఇబ్బంది.

ఆ జవాబులను నమ్మి పంపిన మా సరుకు అంగళ్లలో అలాగే ఉండిపోయిన తరువాత, తిరుపతిలోని కొర్లగుంటలో ఒక పిండి మిల్లు దగ్గర నాలుగు ఉదయాలు కూర్చున్నాను. ఒకావిడ కడిగి ఎండబెట్టిన రాగులను స్టీలు బేసినులో తెచ్చింది. మిల్లు అతన్ని అడిగిన మొదటి మాట, ‘నాకు ముందర ఏం ఆడిచ్చినావు?’ గోధుమలని అతడు చెప్పగానే, ముందు పడే పిండిని గుప్పెడు పక్కకు తీయమంది. తరువాత వెచ్చటి పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ఆవిరి పట్టకుండా మూత వేయక పలుచని గుడ్డ కప్పింది. మా ప్యాకెట్ చూపిస్తే ఆమె అన్నది ఇంతే: ‘అది ఎప్పుడు ఆడిచ్చిందో మనకేం తెలుస్తాది సార్? ఇది నా కండ్ల ముందర ఆడిచ్చింది.’

అంతవరకు మేము ఇతర ప్యాకెట్లతో ధరలు పోల్చుకుంటూ కూర్చున్నాము. మా పోటీదారు ఆ మిల్లు అని నాకు ఆ రోజు తెలిసింది. ప్యాకెట్ అమ్ముడుపోలేదన్నది సమాచారం. ఎప్పుడు, దేని తరువాత ఆడిందో తెలియని పిండిని ఆమె ఇంట్లోకి రానివ్వదన్నది అంతర్దృష్టి, ఎందుకంటే దానితో ఒక నిర్ణయం తీసుకోవచ్చు. కోకా-కోలా 1985లో కొత్త పానీయాన్ని దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి విడుదల చేసి, 79 రోజులకే పాతదాన్ని తిరిగి తెస్తున్నట్టు ప్రకటించింది. కొత్తది ఎలా ఉందని అడిగారు గాని, దానికోసం పాతది వదులుకుంటారా అన్న ప్రశ్నకు తగిన బరువు ఇవ్వలేదు. మేమూ మిల్లును వదులుకుంటారా అని ఎవరినీ అడగలేదు.

తరువాత ప్రశ్న మార్చాము: ‘మీ ఇంట్లో పోయినసారి రాగి పిండి ఎప్పుడు అయిపోయింది? ఆ రోజు ఏం చేశారు?’ మిల్లు అలవాటు ఉన్న ఇళ్లు, మిల్లుకు వెళ్లే తీరిక లేని ఇళ్లు అప్పుడు విడివిడిగా కనబడ్డాయి. అద్దె గదుల్లో ఉండే ఉద్యోగులు, పల్లె నుంచి అమ్మ పంపే పిండి ఆగిపోయినవారు, ఇద్దరూ పనికి వెళ్లే దంపతులు రెండో గుంపు. వారి కోసం కిలో ప్యాకెట్‌ను పావు కిలో చేసి, ఆడించిన తేదీని ముందు వైపు పెద్ద అక్షరాలతో వేసి, వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా అంగళ్లకు పంపాము. విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల నెమ్మదిగా కదిలింది. పాత వీధుల్లో కదలలేదు, అక్కడికి పంపడం మానేశాము.

మీరు ఇప్పుడు చేయవలసిన పనికి యంత్రం అక్కరలేదు. చిత్తూరులో పది పన్నెండు ఇళ్లకు వెళ్లి, వంట చేసేవారితోనే మాట్లాడి, వీలైతే పిండి డబ్బా తెరిపించి చూడండి. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర నమోదు చేయించుకొని, ఉన్న మిల్లులోనే కూలికి ఆడించి, వంద ప్యాకెట్లను నాలుగు అంగళ్లలో మీరు అమ్మాలనుకున్న ధరకే పెట్టండి; ఉచితంగా ఎవరికీ ఇవ్వవద్దు. మొదటి ప్యాకెట్‌ను మీ మీద అభిమానంతోనో కుతూహలంతోనో కొంటారు. రెండోసారి అడిగి కొన్నవారిని గుర్తుపెట్టి నోటుపుస్తకంలో రాయమని అంగడివారిని బతిమాలండి. నెల తరువాత ఆ పుస్తకంలో ఎన్ని పేర్లు ఉన్నాయో ఇక్కడ రాయండి. యంత్రం ఎంతది కావాలో, అసలు కావాలో వద్దో, దాన్ని పట్టుకొని లెక్క వేద్దాం.