రాయిని తోమొద్దు

చిన్నీ,

మా అమ్మమ్మ సమాధి వెతకడానికి ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మా ఇంట్లో ఇన్నేళ్లలో ఎవరికీ రాని ఆలోచన నీకొచ్చింది. సమాధుల తోటలకి వెళ్లి వస్తున్నదాన్ని కాబట్టి, తెలిసినవి నాలుగు రాస్తున్నాను.

గేటు దాటగానే రాళ్ల మధ్య పడి వెతకడం మొదలుపెట్టకు. ముందు ఆఫీసుకి వెళ్లి పాత రిజిస్టర్ చూపించమని అడుగు. అందులో పేర్లు మామూలుగా ఖననం చేసిన తేదీ వరసన ఉంటాయి. కాబట్టి ఆమె పోయిన రోజు దగ్గర మొదలుపెట్టి, ఆ తర్వాతి రోజులు కూడా చూడు. ఇంటిపేరు అచ్చం మనం రాసుకునేలాగే ఉంటుందనుకోకు, అప్పట్లో గుమాస్తా చెవిన పడినట్టు రాసుకునేవాడు. పేరు దొరికితే సెక్షన్, వరస, సమాధి నంబరు మూడూ రాసుకో. ఒకవేళ రాయే పెట్టించలేదనుకో, అప్పుడు ఆ నంబరే దారి. పక్క సమాధుల నంబర్లు చూసుకుంటూ లెక్కపెట్టుకుని చోటు పోల్చుకోవాలి.

బాట మీదే నడువు. పాత సమాధుల్లో లోపల పెట్టె పుచ్చిపోయి పైన మట్టి కుంగుతుంది, గడ్డి కప్పేస్తే గుంట కనబడదు. వాలిన రాళ్లని చేత్తో పట్టుకోకు, ఆనుకోకు. మూడడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న గ్రానైట్ పలక 150 కిలోలు తూగుతుంది. మీద పడితే ఒక్క మనిషి లేపలేడు. ఎక్కడైనా కొత్త మట్టి, దాని చుట్టూ మనుషులు కనిపిస్తే ఆ వైపు వెళ్లకుండా చుట్టు తిరిగి వెళ్లు.

ఇక అసలు సంగతి. రాయి నాచు పట్టి, అక్షరాలు కనబడకుండా ఉంటుంది. శుభ్రం చేయాలనిపిస్తుంది, ప్రేమ కొద్దీ అనిపిస్తుంది. నేనూ అలాగే మా మామగారి పాలరాతి పలకని ఇనుప బ్రష్షుతో, బ్లీచింగు నీళ్లతో ఒక పూటంతా తోమాను. ఆ రోజు తెల్లగా మెరిసింది. ఆ తర్వాత పైపొర పంచదార పలుకుల్లా రాలడం మొదలైంది. బ్లీచింగులోని ఉప్పు రాతి రంధ్రాల్లో దిగి, ఆరినప్పుడల్లా గట్టిపడి లోపల్నుంచి పొరల్ని నెట్టేస్తుందట. ఆయన పేరులో రెండక్షరాలు ఇప్పుడు లేవు. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ నా కళ్లు ముందు ఆ రెండక్షరాల చోటుకే పోతాయి.

అందుకని ఆమ్లాలు, బాత్రూమ్ కడిగే ద్రావకాలు, ఇనుప బ్రష్షు ఏవీ తీసుకెళ్లకు. ఆఫీసువాళ్లు సరేనంటేనే మంచినీళ్లతో రాయిని బాగా తడిపి, మెత్తటి బ్రష్షుతో కింద నుంచి పైకి నెమ్మదిగా రుద్దు. పెచ్చులు లేస్తున్నా, వేలితో తడితే డొల్ల మోత వచ్చినా అసలు ముట్టుకోకు.

చదవడానికైతే తోమక్కర్లేదు. ఎండ ఏటవాలుగా పడే వేళ చూసుకుని వెళ్లు, లేదా ఫోను లైటు రాతికి పక్కనుంచి పట్టుకో. గాట్ల అంచుల్లో నీడ పడి అక్షరాలు లేచి కనిపిస్తాయి. సుద్దపొడి మాత్రం పూయకు.

పూలు తీసుకెళ్తే ప్లాస్టిక్ చుట్టు తీసేసి పెట్టు. గాజు సీసా వద్దు, పగిలితే గడ్డి కోసేవాళ్ల కాళ్లకి గుచ్చుకుంటుంది.

రాతి ఫోటోతో పాటు రెండు పక్కల సమాధులూ కనిపించేలా ఇంకో ఫోటో తియ్యి, మళ్లీ వెళ్లినప్పుడు వెతుక్కోనక్కర్లేదు. ఇంకో మాట. ఆమె పుట్టిన సంవత్సరం మా అమ్మ ఒకటి చెప్పేది, ఇంట్లో కాగితాల మీద ఇంకొకటి ఉంది. రాతి మీద ఏముందో సాయంత్రం ఫోన్ చేసి చెప్పు, ఎంత ఆలస్యమైనా మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ