ఎండు మొక్కల పనిలో మా పాపకు దారి ఉందా?

పలమనేరు నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప తిరుపతిలో బీఎస్సీ బోటనీ చివరి ఏడాది. సెలవుల్లో ఇంటికి రాకుండా హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు దాచే చోట, పాత షీట్లు సర్దుతానంటోంది, ఎమ్మెస్సీ కూడా బోటనీయే అంటోంది. పాల డబ్బులతో చదివిస్తున్నాం. బీఈడీ చేయించేద్దామా?"

అన్నా, బీఈడీ ఎక్కడికీ పోదు, రెండేళ్ల తర్వాతైనా చేయొచ్చు. ముందు ఒకసారి పాపతో వెళ్లి ఆ షీట్ చూసి రండి. మందపాటి కాగితం మీద నొక్కి ఆరబెట్టిన కొమ్మ, కింద మూలన చిన్న చీటీ. ఎవరు కోశారు, ఏ తేదీన, ఏ కొండ మీద, పూత మీదుందా కాయ మీదుందా అన్నీ అందులో ఉంటాయి. పువ్వు రంగు కూడా రాస్తారు, ఎండితే రంగు పోతుంది కదా. ఆ చీటీ లేకపోతే అది పొయ్యిలోకి పుల్లే. చీటీ ఉంటే మాత్రం యాభై ఏళ్ల కిందట ఫలానా వాగు ఒడ్డున ఆ మొక్క ఉండేదనడానికి రుజువు, దాన్ని పట్టుకునే ఈరోజు అదే చోటికి వెళ్లి ఇంకా ఉందా, మొలకలు వస్తున్నాయా, ముసలి చెట్లే మిగిలాయా అని చూస్తారు.

మన శేషాచలం కొండల్లో ఇది ఎంత అవసరమో చెప్తాను. ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీ ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా ఇంకెక్కడా పెరగదు. అందులో మగ చెట్లు వేరు, ఆడ చెట్లు వేరు. మందుల కోసం మగ కంకులు కోసుకుపోతే గింజ ఎలా కడుతుంది? షీట్లలోని చోట్లన్నీ మ్యాపు మీద పెట్టి లెక్క కడతారు. మొక్క ఉన్న చోటు 500 చదరపు కిలోమీటర్ల లోపే ఉండి, తావులు కొన్నే మిగిలి, అవీ తగ్గిపోతుంటే ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో అది అంతరించే ప్రమాదంలో ఉన్నట్టే. ఇందులో జాగ్రత్త కావాలి. సేకరించేవాళ్లు ఎక్కువగా రోడ్ల పక్కనే తిరుగుతారు, కాబట్టి షీట్ లేని చోట మొక్క లేదని అనుకోకూడదు. పాత చీటీల్లో జీపీఎస్ ఉండదు, ఊరి పేర్లు ఇంగ్లీషు స్పెల్లింగుల్లో వంకరటింకరగా ఉంటాయి, అక్కడే మన ప్రాంతం పిల్లకు అది ఏ ఊరో, ఏ కనుమో చప్పున తడుతుంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఉన్నవి తక్కువే, దాచను. ఎమ్మెస్సీకి ఏపీ పీజీసెట్ రాయాలి, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పరిశోధన చేసుకుంటూ నెలకు 37,000 రూపాయలు. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు హైదరాబాద్‌లోనూ కేంద్రం ఉంది, అందులో బోటనిస్ట్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా భర్తీ చేస్తారు. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు బోటనీ డిగ్రీ సరిపోతుంది. ఇవేవీ రాకపోతే అప్పుడు బీఈడీ ఉండనే ఉంది, టెన్షన్ పడకండి. ఈలోగా పాపను క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ నేర్చుకోమనండి, డబ్బు కట్టక్కర్లేదు, మ్యాపు పని తెలిసినవాళ్లను వేరే ప్రాజెక్టుల్లోనూ తీసుకుంటారు.

ఈ సెలవుల్లో ఒకే మొక్క తీసుకోమనండి. దాని షీట్లన్నీ చూసి చోటు, తేదీ, పూత ఎక్సెల్‌లో ఎక్కిస్తే చాలు. కొండకు మాత్రం అటవీ శాఖ అనుమతితో, కాలేజీ బోటనీ మేడమ్‌తో కలిసే వెళ్లాలి, ఒంటరిగా పంపకండి.